స్టీక్‌కి రోజ్‌మేరీ ఎందుకండీ, పూలకొట్లో మరువం ఉందిగా

మొన్నామధ్య మా బాబాయి కొడుకు వైజాగ్‌లో ఏదో పెద్ద హోటల్లో బీఫ్ స్టీక్, అంటే మందపాటి మాంసం ముక్కని పెనంమీద కాల్చింది, తిని ఫొటో పంపాడు, పైన వెన్న కరిగి కారుతోంది, పక్కన ఏవో ఆకులు, దాని కింద బిల్లు ఫొటో కూడా పెట్టాడు పొగరు కాకపోతే. ఆ బిల్లు చూశాక అనిపించింది, ఆ డబ్బుల్తో మా విజయనగరంలో ఇంటిల్లిపాదీ తినొచ్చు కదా అని. ఇంట్లోనే చేద్దామని దిగి మూడుసార్లు తగలేశాను, నాలుగోసారి కుదిరింది. ఇప్పుడు క్రిస్మస్‌కి మా ఇంట్లో కూరతో పాటు ఇదీ ఉండాల్సిందే.

ముందు మాంసం సంగతి. మన దగ్గర బీఫ్ అంటే ఎక్కువగా గేదె, దున్నపోతు మాంసమే, ఆవుని కొయ్యడం మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ప్రకారం నేరం. కాబట్టి యూట్యూబ్‌లో అమెరికావాళ్ళు చూపించే, లోపలంతా తెల్లటి కొవ్వు చారలున్న ముక్క మనకి దొరకదు, దానికోసం తిరక్కండి. మన మాంసం రంగు ముదురు, లోపల కొవ్వు తక్కువ, కొంచెం ఎక్కువ కాలిందంటే చెప్పు అట్ట అయిపోద్ది. అందుకే చివర్లో ముక్కమీద వెన్న పోస్తూ కాల్చే ఈ గొడవంతా, లోపల లేని కొవ్వుని బయటినుంచి ఇస్తున్నాం అన్నమాట.

అడగాల్సింది అండర్‌కట్. నడుం దగ్గర వెన్నెముకకి లోపలివైపు ఉండే పొడుగాటి కండ అది, జంతువు నడిచినా బరువు లాగినా ఆ కండకి పెద్దగా పనుండదు, అందుకే మెత్తగా ఉంటుంది. ఒక జంతువుకి రెండే ఉంటాయి, ఆదివారం పది గంటలకి లేచి వెళ్తే ఉండవు, ముందురోజే చెప్పి పెట్టుకోవాలి. ఇంకోటి, కొట్టుదగ్గర ఫోన్ చూస్తూ నిలబడకండి. మొదటిసారి నేను అండర్‌కట్ అని చెప్పి ఫోన్ చూసుకుంటున్నాను, తలెత్తేసరికి టకటకా కూర ముక్కలు కొట్టేశాడు, "అదేటి భాయ్ అలా కొట్టేశావు" అంటే "కూరకి కాదా బాబూ, మరి దేనికి?" అన్నాడు, ఆయన తప్పేముంది, ఆరోజు కూరే వండుకున్నాం. ఇప్పుడు కండ మొత్తం తెచ్చేసుకుని ఇంట్లోనే కోస్తాను. పైన వెండిరంగులో మెరిసే తెల్ల పొర ఉంటుంది, అది ఎంత ఉడికినా కరగదు, కాలేటప్పుడు ముడుచుకుని ముక్కని వంకర చేసేస్తుంది, సన్నటి చాకు దానికింద పెట్టి గీరి తీసెయ్యండి. తర్వాత నారకి అడ్డంగా ఒకటిన్నర అంగుళం మందం ముక్కలు, ఒక్కోటి రమారమి 200 నుంచి 250 గ్రాములు. పల్చగా కోస్తే బయట రంగొచ్చేలోపు లోపల మొత్తం ఉడికిపోతుంది, ఇంక స్టీక్ కాదు, వేపుడు.

తెచ్చిన వెంటనే వండేయకండి, నా రెండో తప్పు అదే. మనం పొద్దున్న కోసింది పొద్దున్నే కొంటాం, కోసిన కొన్ని గంటలకి కండలు బిగుసుకుపోతాయి, మళ్ళీ మెత్తబడాలంటే కండలో ఉన్న ఎంజైములు ప్రోటీన్లని నెమ్మదిగా విడగొట్టాలి, దానికి టైం పడుతుంది. కూరకైతే కుక్కర్ నాలుగు విజిల్స్ వేసి ఆ పని చేసేస్తుంది, స్టీక్‌కి ఆ ఛాన్స్ లేదు. స్టీక్‌హౌస్‌లలో వారాల తరబడి చల్లటి గదుల్లో పెడతారు, అది మనింట్లో కుదిరేది కాదు, ఫ్రిజ్ రోజుకి ఇరవైసార్లు తెరుస్తాం, పైగా మన కరెంటు సంగతి తెలిసిందే. రెండు రోజులు చాలు, ఫ్రిజ్‌లో బాగా చల్లగా ఉండే అరలో, గిన్నెమీద చిల్లుల పళ్ళెం పెట్టి దానిమీద ముక్కలు, మూత లేకుండా. అన్నిటికన్నా కింద అరలో పెడితే మంచిది, రసం కారినా పాలమీద పడదు. పచ్చి బొప్పాయి రాయమని చెప్పేవాళ్ళుంటారు, కబాబ్‌కి ఓకే గానీ దీనికొద్దు, పైపొర గుజ్జయిపోయి పెనానికి అంటుకుపోతుంది.

ఉప్పు ముందురోజు రాత్రే రాసేయండి, 250 గ్రాముల ముక్కకి అర చెంచా. ఉప్పు మొదట నీళ్ళు బయటికి లాగుతుంది, కాసేపాగితే ఆ ఉప్పునీళ్ళే మళ్ళీ లోపలికి ఇంకుతాయి. వండే పావుగంట ముందు రాస్తే అన్నిటికన్నా అన్యాయం, సరిగ్గా నీళ్ళు పైన నిలబడ్డ టైంకి పెనం మీద వేస్తారు, అప్పుడది కాలదు, ఉడుకుతుంది. ముందురోజు మర్చిపోయారా, ఇక పెనం ఎక్కించే క్షణంలో రాయండి. మిరియాల పొడి ఆఖర్న, ముందే వేస్తే మాడి చేదొస్తుంది.

ఇప్పుడు ఆకుల దగ్గరకి వద్దాం, అసలు ఇది రాయడం మొదలెట్టిందే దీనికోసం. ప్రతి వీడియోలో రోజ్‌మేరీ, థైమ్ అనే వాసన ఆకులు వెయ్యమంటారు. మా ఊళ్ళో సూపర్‌మార్కెట్‌లో ఎండు పొడి సీసాల్లో దొరుకుతుంది, అది వెన్నలో వేస్తే గడ్డిపరకలు తిన్నట్టుంది. ఒకరోజు గంటస్తంభం వైపు మా అమ్మతో వెళ్ళినప్పుడు పూలకొట్లో మల్లెపూల మధ్యలో కట్టే మరువం వాసన తగిలింది, ఇంటికొచ్చి వెతికితే మరువం అంటే ఇంగ్లీషోళ్ళు మాంసంలో వేసుకునే మార్జోరమ్మే! మనం తల్లో పెట్టుకుంటున్నాం, వాళ్ళు పెనంలో పెట్టుకుంటున్నారు. కాకపోతే పూలకొట్లోది తినడానికి పండించింది కాదు, ఏ మందు కొట్టారో తెలీదు, కాబట్టి ఒక రెమ్మ తెచ్చి కుండీలో గుచ్చండి, నీడలో ఉంచి తడి ఆరకుండా చూస్తే వేళ్ళు తొడుగుతుంది, కొత్తగా వచ్చిన చిగుళ్ళే వాడండి. పక్కనే ఉండే దవనం మాత్రం తేవద్దు, చూడ్డానికి దగ్గరగా అనిపిస్తుంది గానీ అది సెంటు కొట్టినట్టుంటుంది.

థైమ్ బదులు వామాకు. థైమ్‌కి ఆ వాసన ఇచ్చేది థైమాల్ అనే పదార్థం, మన వాములో ఉండేదీ అదే, వామాకు వేరే మొక్కైనా వాసన అలాంటిదే. దగ్గొస్తే మా అమ్మమ్మ నలిపి రసం తీసిచ్చే ఆ మందపాటి వామాకు దొడ్లో ఎవరింట్లోనైనా ఉంటుంది. రెండు ముక్కలకి రెండాకులు మించి వెయ్యకండి, ఎక్కువైతే దగ్గుమందు గుర్తొస్తుంది. పైగా అది నీరు నిండిన ఆకు, కడిగి బాగా ఆరబెట్టకపోతే నూనెలో పడగానే మొహంమీదికి చిమ్ముద్ది.

పెనం బరువుగా ఉన్న ఇనప పెనం, అంచు ఉండాలి. మూడోసారి నేను మా అమ్మ దోశ పెనం మీద చేశాను, కాలడం అద్భుతంగా కాలింది, వెన్న వేసి కొంచెం వంచానో లేదో అంచు లేక మొత్తం బర్నర్‌మీదికి కారి భగ్గుమంది. గ్యాస్ కట్టేసి తడి గోనెపట్టా కోసం పరుగెత్తబోతే మా అమ్మ పెద్ద మూత తెచ్చి బోర్లించి ఆపింది. మంట లేచిన నూనెమీద నీళ్ళు గానీ తడిగుడ్డ గానీ వెయ్యకూడదు, మూత పక్కన పెట్టుకునే మొదలెట్టండి. ఆ దోశ పెనం నాకిక ఇవ్వనంది, వేరేది కొనుక్కున్నాను.

ముక్కని పాత కాటన్ గుడ్డతో పొడిగా తుడవండి. పెనం పెద్ద మంటమీద ఐదు నిమిషాలు, నీళ్ళు చిలకరిస్తే బుస్సుమని ఆవిరైపోకుండా ముత్యాల్లా ఉరకాలి. అప్పుడు ఒక చెంచా నెయ్యి. వెన్న ఇప్పుడే వేస్తే అందులో పాల పదార్థం మాడి నల్లబడుతుంది, నెయ్యిలో అది ఉండదు కాబట్టి వెన్నకన్నా ఎక్కువ వేడి తట్టుకుంటుంది. ముక్కలు వేసి అరచేత్తో కాదు, గరిటతో నొక్కండి. ఒకవైపు నాలుగు నిమిషాలు కదపకూడదు అంటారు కొందరు, నేనైతే నిమిషానికోసారి తిప్పుతాను, లోపల సమంగా ఉడుకుతుంది. నిలబెట్టి పక్కలు కూడా కాల్చండి. ఆరేడు నిమిషాలకి దాల్చినచెక్క రంగొస్తుంది, పొగ మాత్రం ఇల్లంతా, కిటికీలు తీసే ఉంచండి.

ఇక్కడ మంట తగ్గించి, 50 గ్రాముల వెన్న, పొట్టుతోనే చితక్కొట్టిన ఆరు వెల్లుల్లి రెబ్బలు, మూడు మరువం రెమ్మలు, వామాకు వేసెయ్యండి. ఇంట్లో చిలికిన వెన్నపూసైతే రుచి వేరే లెవెల్, కానీ మజ్జిగ పోయేదాకా రెండుమూడు నీళ్ళు కడిగి పిండాలి, లేదంటే చిటపటలే. అమూల్ వెన్నైతే అందులో ఉప్పుంటుంది, మీరు రాసే ఉప్పు కొంచెం తగ్గించుకోండి. పెనం మీవైపు కాస్త వంచి, నురగొస్తున్న వెన్నని గరిటతో తోడి ముక్కమీద పోస్తూనే ఉండాలి, రెండు నిమిషాలు ఆగకుండా. ఆ వెన్న నెయ్యి కాగే చివర్లో వచ్చే కమ్మటి వాసనకి వచ్చి గోధుమరంగు తిరిగిందంటే చాలు, ఇంకో అర నిమిషం ఉంచితే మాడిపోద్ది.

ఎప్పుడు దింపాలి అన్నది వేలితో నొక్కి చెప్పేంత అనుభవం నాకు లేదు, సూది థర్మామీటర్ ఒకటి కొన్నాను, ఈ మొత్తంలో నేను పెట్టిన మంచి ఖర్చు అదే. నడిమధ్యలో 60 డిగ్రీలు చూపిస్తే దింపి పళ్ళెంలో వదిలేస్తాను, దింపాక కూడా లోపల వేడి ఎక్కుతుంది, 63 దాటాక మూడు నిమిషాలైనా ఆగి కొయ్యాలి. 63కి రాకపోతే మళ్ళీ పెనంమీద అర నిమిషం. హోటల్లో 55కే ఇస్తారు గానీ, ఎండలో వేలాడదీసి అమ్మిన మాంసంతో ఆ సాహసం నేను చెయ్యను. పిల్లలకి, కడుపుతో ఉన్నవాళ్ళకి, ముసలోళ్ళకి 71 దాకా ఉడికించే పెట్టండి. ఇదంతా ముక్కకే, కైమాతో చేసేదానికి మాత్రం ఎవరికైనా 71 ఉండాల్సిందే, కొట్టేటప్పుడు పైనున్న క్రిములు లోపలికి కలిసిపోతాయి.

కోశాక ఎర్రటి నీరొస్తుంది, "రక్తం రా బాబూ, పచ్చిగా ఉంది" అని మా నాన్న కంచం తోసేశారు మొదట్లో. అది రక్తం కాదు, కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ కలిసిన నీరు. ఈ మాట ఎంత చెప్పినా వినలేదు, ఆయన వాటా ఇంకో మూడు నిమిషాలు పెనం మీద తిప్పి ఇస్తున్నాను, ఇద్దరం హాయిగా ఉన్నాం.

పక్కన ఉడకబెట్టిన బంగాళాదుంపలు అదే పెనంలో దొర్లించండి, ఉల్లిపాయ చక్రాలు, నిమ్మచెక్క. పెద్ద మాంసం తినని వాళ్ళింట్లోనైతే మటన్ చాప్స్‌తో ఇదే వెన్న బాగుంటుంది, వంజరం చేప ముక్కైతే ఇంకా తొందరగా అయిపోతుంది, అటూ ఇటూ కాలాక వెన్న ఒక్క నిమిషం పోస్తే చాలు.

అన్నట్టు పెనంలో మిగిలిన ఆ వెన్న పారబొయ్యకండి. స్టీక్ ముట్టని మా అమ్మ కూడా మాడిన ఆకులు తీసేసి, ఆ వెల్లుల్లి వెన్న పొగలుగక్కే అన్నంలో కలుపుకుని ఆవకాయ ముక్కతో తింటుంది, మేం టేబుల్ దగ్గరికి వచ్చేసరికి పెనం తుడిచేసి ఉంటుంది.