కిమోనో కట్టుకోవడం ఎలా? ముందు యుకాతాతో మొదలుపెట్టండి

చీర కట్టడం వచ్చినవాళ్లకి జపాన్ సంప్రదాయ దుస్తు కిమోనో సగం వచ్చినట్టే. రెండింటిలోనూ కొలత బట్టలో ఉండదు, కట్టులో ఉంటుంది. సుమారు 36 సెంటీమీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవున్న ఒకే తానులోంచి కిమోనో తయారవుతుంది. అన్నీ తిన్నగా కోసిన ముక్కలే. అందుకే పూర్వం కుట్లు విప్పి, ఉతికి, మళ్లీ కుట్టుకునేవాళ్లు. ఒంటికి సరిపోయేలా చేసేది దర్జీ కాదు, కట్టుకునేవాళ్ల చేతులు.

పట్టు కిమోనోతో మొదలుపెట్టకండి. జపాన్‌లో వేసవి పండగలకి కట్టుకునే నూలు కిమోనోని యుకాతా అంటారు. నేర్చుకోవడానికి అది చాలా మంచిది. ఇక్కడ చెప్పేది ఆడవాళ్ల కట్టు. కావలసినవి: నూలు స్లిప్, ఒక టవల్, కోషిహిమో అనే మెత్తటి తాళ్లు రెండు, దతెజిమె అనే వెడల్పాటి పట్టీ, సగం వెడల్పు ఓబి (నడుముకు చుట్టే పట్కా). జుట్టు ముందే ముడి వేసేసుకోండి. తర్వాత చేతులెత్తితే సర్దుకున్న కాలర్ చెదిరిపోతుంది.

1. స్లిప్ మీద నడుముకి టవల్ చుట్టుకోండి. నడుము ఒంపు పూడితే ఓబి ముడతలు పడదు.

2. చేతులు తొడిగి, రెండు కాలర్ కొసలూ సమంగా పట్టుకోండి. వీపు కుట్టు సరిగ్గా వెన్నెముక మీదకి రావాలి.

3. అంచుని చీలమండ దాకా ఎత్తండి. ముందు కుడివైపు బట్టని ఒంటికి చుట్టి, దాని మీదకి ఎడమవైపు బట్ట తెచ్చుకోండి. లోపలి బట్ట కింది కొసని కాస్త ఎక్కువ, పైబట్ట కింది కొసని కాస్త తక్కువ ఎత్తితే కిందికి వచ్చేసరికి సన్నబడి అందంగా ఉంటుంది.

ఇక్కడ మాత్రం పొరపాటు పడకండి. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఎడమ భాగమే పైన ఉండాలి. అందరూ ఇలాగే కట్టుకోవాలని క్రీ.శ. 719లోనే రాజాజ్ఞ వచ్చింది. కుడి భాగం పైకి వచ్చేలా కట్టేది చనిపోయినవాళ్లకి. అనుమానం వస్తే కుడిచేతిని ఛాతీ దగ్గర మడతలోకి పోనివ్వండి. సులువుగా దూరితే కట్టు సరైనదే.

4. నడుము దగ్గర మొదటి తాడు కట్టండి. ముందునుంచి వెనక్కి తీసుకెళ్లి, అక్కడ దాటించి, ముందుకి తెచ్చి, ముడి ఒక పక్కకి వేయండి. కట్టంతా దీని మీదే నిలబడుతుంది కాబట్టి బిగుతు ఇక్కడే కావాలి.

5. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. చంకల కింద రెండు చీలికలుంటాయి. వాటిలోంచి చేతులు లోపలికి పోనిచ్చి, అరచేయి నిటారుగా పెట్టి, తాడు మీద పోగైన బట్టని కిందికి నిమరండి. ముందు, వెనక, మళ్లీ ముందు. మిగులు బట్ట చదునైన మడతలా తాడు మీంచి దిగుతుంది. దీన్నే ఒహషోరి అంటారు. కుచ్చిళ్లు దోపేటప్పుడు చీర ఎత్తు సర్దుకుంటాం చూడండి, ఇదీ అలాంటిదే. ఎత్తులో తేడా ఉన్న తల్లీకూతుళ్లు ఒకే కిమోనో కట్టుకోగలిగేది ఈ మడత వల్లే.

6. మెడ వెనక పిడికిలి పట్టేంత ఖాళీ వచ్చేలా కాలర్‌ని వెనక్కి లాగండి. ఛాతీ కింద రెండో తాడు కట్టండి, ఊపిరి ఆడాలి సుమా! దానిపైన దతెజిమె చుట్టండి.

7. ఓబి ఒక కొసని అర మీటరు దాకా సగానికి మడిచి భుజం మీద వేసుకోండి. మిగతాది రెండు చుట్లు బిగించి, ముందువైపే బో ముడి వేయండి. ఆ తర్వాత ఓబిని మీ కుడిచేతి వైపుగా వీపు మీదకి తిప్పండి. ఎడమవైపుగా తిప్పితే కాలర్ విడిపోతుంది. ఓబి కింద ఒహషోరి నాలుగు వేళ్ల వెడల్పు కనిపిస్తే చాలు.

మగవాళ్లకి ఒహషోరి ఉండదు. వాళ్ల కిమోనో ఎత్తుకి తగ్గట్టే కుడతారు, సన్నటి ఓబిని పొట్ట కిందికి కడతారు.

పట్టు కిమోనోకి లోపల నాగజుబాన్ అనే మరో వస్త్రం, కాళ్లకి తాబి మేజోళ్లు, జోరి చెప్పులు తోడవుతాయి. పెళ్లికాని అమ్మాయిలు పొడవాటి చేతుల ఫురిసోదె కడతారు. జనవరి రెండో సోమవారం, యుక్తవయసు వేడుక రోజున, జపాన్ వీధుల్లో అవి కన్నులపండువగా కనిపిస్తాయి. రివాజు ప్రకారం అక్టోబరు నుంచి మే దాకా లైనింగ్ ఉన్నవి, జూన్, సెప్టెంబరు నెలల్లో లైనింగ్ లేనివి, నడివేసవిలో పలచనివి కడతారు.

బయట తిరుగుతుంటే కాలర్ ముందుకి జారడం మామూలే. టెన్షన్ పడి ఓబి విప్పేయకండి. వెనక ఓబి కింద కనిపించే బట్టని, వీపు కుట్టు దగ్గర పట్టుకుని, నెమ్మదిగా కిందికి లాగండి. మెడ వెనక ఖాళీ మళ్లీ వస్తుంది.