కాపరికి ధైర్యం చెప్పడం ఎలా? – 4వ పాఠం: కార్డు మీద సగం వచనం

మూడో పాఠం తర్వాత వచ్చిన ఫోన్లతోనే ఈ వారం మొదలుపెట్టాలి. నాయకులకు దేవుడిచ్చిన వాగ్దానాల్లో ఒకటి ఎంచుకుని, మీ సంఘ కాపరి, అంటే పాస్టరు గారి ఇంటికి వెళ్ళి చదివి, ప్రార్థన చేసి రమ్మన్నాను. చాలామంది వెళ్ళారు. అందులో కొందరు చిన్నబోయి తిరిగొచ్చారు. రాజాం వైపు నుంచి ఒక తమ్ముడు, "అయ్యగారు ఆమెన్ అన్నారు గానీ నా మొహం చూడలేదండీ" అన్నాడు. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి ఫోన్ చేసిన చెల్లెమ్మకి పాస్టరమ్మ గారు టీ ఇచ్చి, "ఆ వచనం మా గోడ మీదే ఉందమ్మా" అన్నారట. ఆ మాటకి ఈ అమ్మాయి రెండు రోజులు బాధపడింది.

తప్పు మీది కాదు. వచనం ఎంచుకోమన్నాను గానీ దాన్ని ఎక్కడి నుంచి ఎక్కడి దాకా చదవాలో చెప్పలేదు. అందుకే ఈ వారం చెప్పాలనుకున్న మోషే చేతుల పాఠం పక్కన పెడుతున్నాను.

రిఫరెన్సు వెతకడం, వచనం కంఠతా పట్టడం మీ అందరికీ వచ్చు, వాటి జోలికి పోను. నేను బైబిలు పాత తెలుగు అనువాదమే వాడతాను. అందులో "తోడైయుందును" అని ఒకే మాటగా వస్తుంది, చెవిలో నిలిచిపోతుంది. మీకు వేరేది అలవాటైతే అదే వాడండి.

ఇక అసలు చిక్కు. మీలో ఎక్కువమంది తీసుకెళ్ళిన వచనాలు వాగ్దాన కార్డుల మీదివి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్ళెంలోంచి తీసుకుంటామే, పువ్వు బొమ్మ మీద బంగారు రంగు అక్షరాలు, అవే. పిల్లలు ఆ కార్డుని ఏడాదంతా బైబిల్లో దాచుకుంటారు, అది నాకూ ఇష్టమే. కానీ కార్డులో పట్టేది ఒక్క ముక్క. ఆ ముక్కనే మొత్తం అనుకుని కష్టంలో ఉన్న మనిషి ముందు పెడితే నాకు చాలా బాధేస్తుంది. ముగ్గురు ఒకే వచనం తీసుకెళ్ళారు కాబట్టి దాన్నే చూద్దాం. యిర్మీయా 1:19, దేవుడు యిర్మీయా ప్రవక్తతో అన్న మాట. కార్డు మీద ఉన్నది: "నేను నీకు తోడైయున్నందున వారు నీపైని విజయము పొందజాలరు." వినడానికి ఎంత ధైర్యంగా ఉంది! ఇప్పుడు బైబిలు తెరవండి. ఆ వచనం మొదలయ్యేది "వారు నీతో యుద్ధముచేతురు గాని" అని. కార్డులో ఆ ముక్క లేదు.

యుద్ధం చేస్తారని దేవుడే ముందు చెప్పాడు. అది తీసేసి చదివితే, కాపరి మీద సంఘంలో ఎవరైనా లేచినప్పుడు ఆయనకి ఏమనిపిస్తుంది? "దేవుడు నాతో లేడేమో, ఉంటే ఇలా జరగదు కదా" అనిపిస్తుంది. ధైర్యం చెప్పడానికి వెళ్ళి, ఆయన మనసులో ఉన్న టెన్షన్‌కి ఇంకోటి కలిపి వచ్చినట్టే.

తోడు అంటే మన ఊళ్ళో అందరికీ తెలుసు. రాత్రిపూట చెరువు గట్టు మీదుగా వెళ్ళాలంటే ఎవరినైనా తోడు రమ్మంటాం. తోడు వచ్చినవాడు చీకటిని పోగొట్టడు, దారిని తగ్గించడు. పక్కన నడుస్తాడు, అంతే. అయినా మనం వెళ్ళగలుగుతాం.

మోషే తర్వాత నాయకుడైన యెహోషువకి దేవుడు "నీవు నడుచు మార్గమంతటిలో" తోడుంటానన్నాడు. ఏడో అధ్యాయానికే హాయి అనే ఊరి దగ్గర యుద్ధంలో ఆయన మనుషులు 36 మంది చచ్చిపోయారు, యెహోషువ సాయంత్రం దాకా నేలమీద బోర్లా పడి ఉన్నాడు. అపొస్తలుడైన పౌలుకి కొరింథులో "నీకు హాని చేయుటకు నీమీదికి ఎవడును రాడు" అనే మాట నిజంగానే దొరికింది. అక్కడ ఏడాదిన్నర ఉన్నాడు, కోర్టుకి లాక్కెళ్ళినా అక్కడి అధిపతి గల్లియో ఆ కేసు వినకుండానే పంపేశాడు. కానీ అది కొరింథు ఊరికిచ్చిన మాట. తర్వాత యెరూషలేముకి వెళ్ళేటప్పుడు బంధకాలు, అంటే సంకెళ్ళు తన కోసం కాచుకుని ఉన్నాయని ఊరూరా పరిశుద్ధాత్మ చెప్పాడు, అపొస్తలుల కార్యములు 20:23 చూడండి. ఒక ఊరి మాటని ఇంకో ఊరికి అతికించకూడదు.

మళ్ళీ యిర్మీయా దగ్గరికి వద్దాం. ఆయన సేవ దాదాపు 40 ఏళ్ళు. కొట్టారు, కాళ్ళు బిగించే బొండలో వేశారు, ఆయన మాటలు రాసిన గ్రంథాన్ని రాజు ముక్కలు కోసి కుంపట్లో వేశాడు, చివరికి 38వ అధ్యాయంలో గోతిలో దించారు. అందులో నీళ్ళు లేవు, బురద ఉంది, ఆ బురదలో ఆయన దిగబడిపోయాడు. "నీకు తోడైయున్నాను" అన్న దేవుడు అప్పుడేం చేశాడు? ఎబెద్మెలెకు అనే కూషీయుణ్ణి, అంటే కూషు దేశస్థుణ్ణి లేపాడు. ఇశ్రాయేలువాడు కాదు, రాజు ఇంట్లో పనివాడు. రాజు దగ్గరికి నేరుగా వెళ్ళి అడిగాడు, 30 మందిని తీసుకున్నాడు, తాళ్ళు తెచ్చాడు. ఆ తర్వాత చేసిన పని చూడండి. ఖజానా కింది గదిలో పాత చింకి బట్టలు ఏరి, తాళ్ళతో లోపలికి దించి, "వీటిని చంకల కింద పెట్టుకో, తాళ్ళు ఒరుసుకోకుండా" అన్నాడు.

నాకు ఈ గుడ్డపేలికలంటే ప్రాణం. తాడు చాలామంది తెస్తారు. చంక ఒరుసుకుపోతుందని ఆలోచించినవాడు ఒక్కడే.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగిపోయాయి. వారం తర్వాత నేను అక్కడ ఒక పాస్టరు గారింటికి వెళ్ళాను. మందిరం రేకులు ఎగిరిపోయాయి, ఇంటి వసారా కూలింది. తడిసిన బైబిళ్ళు నులక మంచం మీద విప్పి ఆరబెట్టారు, పేజీలు ఉబ్బి అట్టల మధ్య పట్టడం లేదు. నేను నిలబడి యెహోషువ 1:9 చదివాను, కళ్ళు మూసుకుని పెద్ద ప్రార్థన చేశాను. కళ్ళు తెరిచేసరికి అయ్యగారు లేరు. పక్క తోట రైతు ఒకాయన, సంఘానికి చెందినవాడు కాదు, టార్పాలు, కొబ్బరి తాడు పట్టుకొచ్చాడు, ఇద్దరూ గోడెక్కి కడుతున్నారు. ఆయన తోటలోనూ ఒక్క చెట్టు నిలబడి లేదు. పాస్టరమ్మ గారు నెమ్మదిగా అన్నారు: "ఆ వచనం రోజూ చదూతున్నాం బాబూ. మీరు అటు కొస పట్టుకుంటే ఇంకా బాగుణ్ణు." అప్పుడు వెళ్ళి పట్టుకున్నాను.

వచనం వద్దని ఆమె అనలేదు. తాడు కట్టాక ముగ్గురం మెట్ల మీద కూర్చుని అదే వచనం మళ్ళీ చదివాం. ఈసారి చదివింది అయ్యగారే.

సాయం ఎలా చెయ్యాలో కూడా ఎబెద్మెలెకు దగ్గరే నేర్చుకోండి. కాపరికి డబ్బు ఇవ్వాలనుకుంటే మైకులో చెప్పి ఇవ్వకండి, పిల్లల ఎదుట కవరు చేతిలో పెట్టకండి, అది ఒరుసుకుంటుంది. బియ్యం బస్తా అయితే చీకటి పడ్డాక దించండి. అమ్మగారికి బాగోలేకపోతే ఆసుపత్రికి తోడు వెళ్ళండి, బిల్లు సంగతి బయట మాట్లాడకండి. నేనైతే సోమవారం సాయంత్రం వెళ్తాను. శనివారం ప్రసంగం టెన్షన్, ఆదివారం రెండు మూడు పల్లెల్లో కూటాలు, సోమవారానికి ఆ మనిషిలో ఏమీ మిగలదు. ఏలీయా ప్రవక్త అలసిపోయి బదరీవృక్షం కింద "నా ప్రాణము తీసుకొనుము" అన్నప్పుడు దేవదూత ముందు చెప్పింది లేచి తినమని. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ళు. తిని పడుకున్నాక మళ్ళీ లేపి ఇంకోసారి తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు మాట్లాడింది 40 రోజుల తర్వాత. మీరు చోడి (రాగి) అంబలి తీసుకెళ్ళినా చాలు.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. వచ్చే పాఠం లోపు యిర్మీయా 52 అధ్యాయాలూ చదవండి. పెన్ను వద్దు, పెన్సిలు పట్టుకోండి. ఆయనకి దెబ్బ తగిలిన ప్రతిచోటా అడ్డగీత, దేవుడు ఎవరి చేతనైనా ఆదుకున్న ప్రతిచోటా నిలువు గీత. 37:21లో రోజుకో రొట్టె వస్తుంది, దాన్ని వదిలెయ్యకండి. చదవడం పూర్తయ్యేదాకా కాపరి ఇంటికి వచనం తీసుకెళ్ళకండి. ఊరికే వెళ్ళండి, ఆయన చేస్తున్న పనిలో రెండో కొస పట్టుకోండి. మాట్లాడమని ఆయనే అడిగితే 1:19 మొదటి నుంచి చదవండి.