నెట్ సెంటర్ల లాగిన్ అయితున్నరా, కుకీల సంగతి జర సూస్కోర్రి

ఏ వెబ్‌సైట్ తెరిసినా కిందనో మీదనో ఒక డబ్బా వస్తది గదా, యాక్సెప్ట్ ఆల్ కుకీస్ అని, మనోళ్లు శానా మంది అదేందో సదవకుండనే టక్కున నొక్కి పడేస్తరు. నొక్కితే కొంపేం మునగదు గానీ రిజెక్ట్ ఆల్ అని పక్కన కనపడితే అదే నొక్కుర్రి, సైట్ మామూలుగనే నడుస్తది.

కుకీ అంటే వెబ్‌సైట్ మన బ్రౌజర్ల దాచిపెట్టే చిన్న రాత, అంతే, వైరస్ కాదు, ప్రోగ్రాం అంతకన్నా కాదు, సైజు సూస్తే 4 కేబీ దగ్గరనే ఆగిపోతది. 1994ల నెట్‌స్కేప్ కంపెనీల లూ మోంటుల్లి అనేటాయన దీన్ని తయారు చేసిండు, ఎందుకంటే ఒక పేజీల నుంచి ఇంకో పేజీలకు పోంగనే మీరెవరో సైట్‌కు యాదుండకపోయేది. బస్టాండ్ల బండి పెడితే చిట్టీ ఇస్తరు సూడుర్రి, గట్లనే, దాని మీద నంబరే ఉంటది, చిట్టీ సూపెడితే బండి ఇస్తరు, అదే చిట్టీ ఇంకోని చేతుల పడ్డదనుకో, బండి వాడే తోలుకపోతడు. లాగిన్ కుకీ కూడా గంతే, పాస్‌వర్డ్ తెల్వకపోయినా ఓటీపీ రాకపోయినా అది దొరికినోడు మీ అకౌంట్ల దూరుతడు.

అందుకే కుకీలతోని ఎంబడి పడే యాడ్‌ల గోల కంటే ముందు నెట్ సెంటర్ల సంగతి చెప్తున్న. డిగ్రీ సీట్ల దోస్త్ అడ్మిషన్లప్పుడు, ఎప్‌సెట్ కౌన్సెలింగప్పుడు నల్లగొండ క్లాక్ టవర్ దిక్కు పోయి సూడుర్రి, పిల్లలు మెయిల్ తెరిసి మెమో ప్రింట్ తీస్కొని, మీదున్న ఎక్స్ గుర్తు నొక్కి లేసిపోతరు. విండో మూసినంత మాత్రాన లాగౌట్ కాదు, కుకీ ఆ కంప్యూటర్లనే ఉంటది, తర్వాత కూసున్నోడు జీమెయిల్ అని కొడితే మీ ఇన్‌బాక్సే తెరుసుకుంటది, అండ్ల ఆధార్ కాపీ, పాస్‌బుక్ ఫొటో, అన్నీ ఉంటయి.

కూసోంగనే కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మూడు కలిపి ఒత్తుర్రి, క్రోమ్‌ల ఇన్‌కాగ్నిటో విండో వస్తది, ఫైర్‌ఫాక్స్ అయితే ఎన్ బదులు పి. పనైనంక లాగౌట్ కొట్టి ఆ విండోలన్నీ మూసేస్తే కుకీలు పోతయి. డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్ మాత్రం పోదు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ల నుంచి తీసేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యాలె, ఇది మస్తు మంది మర్శిపోతరు. ఇంకోటి, ఇన్‌కాగ్నిటోల ఉంటే ఎవ్వరికీ కనపడమనుకోకుర్రి, ఏ సైట్‌కు పోయిన్రో నెట్ ఇచ్చే కంపెనీకి తెలుస్తనే ఉంటది.

ఇగ ఇంట్ల కంప్యూటర్ల ఒక సైట్ల మిక్సీ సూస్తే వార్తల సైట్ల కూడా అదే మిక్సీ ఎంబడి పడుతది సూడు, అది థర్డ్ పార్టీ కుకీల పని, అంటే మీరు తెరిసిన సైట్ కాకుండ బయటి కంపెనీ పెట్టే కుకీలు. రెండు సైట్ల మీద యాడ్‌లు పెట్టే కంపెనీ ఒకటే, అది రెండు కాడ్ల మిమ్మల్ని గుర్తు పడుతది. క్రోమ్‌ల మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, అండ్ల ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అండ్ల థర్డ్ పార్టీ కుకీస్‌ల బ్లాక్ అని పెట్టుర్రి. ఏదన్న సైట్ల లాగిన్ మొరాయిస్తే ఆ ఒక్కదానికే పర్మిషన్ ఇయ్యొచ్చు. ఆపిల్‌ వాళ్ల బ్రౌజర్ సఫారీ 2020ల నుంచే వీటిని ఆపేస్తున్నది, గూగుల్ మాత్రం తీసేస్తం తీసేస్తం అనుకుంట 2024ల ఎనక్కి తగ్గింది, యాడ్‌ల మీద బతికే కంపెనీ మరి.

రోజూ కుకీలన్నీ క్లియర్ కొడితే కంప్యూటర్ స్పీడ్ అయితదని కొందరు చెప్తరు, నన్నడిగితే దండగ పని, అన్ని సైట్లల్ల మళ్ల లాగిన్ కావాలె.

ఎక్కడనో లాగౌట్ కాకుండ వచ్చినమని డౌట్ ఉంటే మళ్ల ఆ సెంటర్‌కు ఉరకొద్దు. ఫోన్ల గూగుల్ అకౌంట్ తెరిసి సెక్యూరిటీల యువర్ డివైసెస్ సూడుర్రి, తెల్వని కంప్యూటర్ ఉంటే సైన్ అవుట్ కొట్టుర్రి. వాట్సాప్ వెబ్ వాడినోళ్లు లింక్డ్ డివైసెస్‌ల కూడా ఒకసారి సూడుర్రి.