సొంతంగా ఒక ట్యాక్టిక్ రాద్దాం – 4వ పాఠం: ఓడిపోయినప్పుడు ఏం చెప్పాలి?

ట్యాక్టిక్ అంటే ప్రూఫ్ అసిస్టెంట్‌లో (నిరూపణలను సరిచూసే సాఫ్ట్‌వేర్‌లో) నిరూపణను మన బదులు కట్టే చిన్న ప్రోగ్రామ్. పోయిన పాఠానికల్లా మన ట్యాక్టిక్ సహజ సంఖ్యల మీద చిన్న చిన్న అసమానతలను తనంతట తానే నిరూపించే స్థాయికి వచ్చింది. కుదిరితే గోల్‌ను, అంటే నిరూపించాల్సిన వాక్యాన్ని, మూసేస్తుంది. కుదరకపోతే ‘విఫలం’ అని ఒక్క ముక్క అనేసి ఊరుకుంటుంది. ఆ ఒక్క ముక్కను బాగుచేయడమే ఈ వారం పని.

కూడిక, పోలిక మాత్రమే ఉన్న సహజ సంఖ్యల గణితంలో ఏ వాక్యమైనా నిజమో కాదో యాంత్రికంగా తేల్చవచ్చని 1929లోనే గణితవేత్త ప్రెస్‌బర్గర్ చూపించాడు. మరి మన ట్యాక్టిక్ ఎందుకు చేతులెత్తేస్తుంది? చాలాసార్లు మనం ఇచ్చే గోల్ పూర్తిగా ఆ గణితంలో ఉండదు కాబట్టి. మధ్యలో ఒక జాబితా పొడవో, మనం రాసుకున్న ఫంక్షనో దూరుతుంది. ట్యాక్టిక్‌కు అది అర్థం కాదు. దానికో కొత్త అక్షరం తగిలించి ముందుకు పోతుంది. అలా తగిలించినదాన్ని ఆటమ్ అంటారు.

ఉదాహరణకు జా ఒక జాబితా అనుకోండి. చేతిలో ఉన్నది: క ≤ పొడవు(జా). కావలసింది: క < పొడవు(జా ++ [0]). చివర ఒక సున్నా చేరింది కాబట్టి పొడవు ఒకటి పెరిగింది, మనకు అది కళ్లెదుటే కనిపిస్తోంది. ట్యాక్టిక్ మాత్రం ‘విఫలం’ అంటుంది. మొదటిసారి ఇలాంటిది ఎదురైనప్పుడు నేను ట్యాక్టిక్‌లోనే బగ్ ఉందని ఒక పూటంతా వెతికాను. మెసేజ్ ఇలా ఉండి ఉంటే ఆ పూట మిగిలేది:

నిరూపించలేకపోయాను. ఈ షరతులన్నీ ఒకేసారి నిజం కావచ్చు:
  క ≤ ప
  మ ≤ క
ఇక్కడ
  ప := పొడవు(జా)
  మ := పొడవు(జా ++ [0])

రెండో షరతు మీరు రాసింది కాదు; గోల్ తప్పనుకుని వైరుధ్యం కోసం వెతకడానికి ట్యాక్టిక్ గోల్‌ను తిరగేస్తే వచ్చింది. అసలు సంగతి కింది రెండు వరుసల్లో ఉంది. ప, మ రెండూ వేర్వేరు అక్షరాలు, వాటి మధ్య సంబంధం ఎక్కడా లేదు. అంటే పొడవుల లెమ్మాతో (ముందే నిరూపించి పెట్టుకున్న వాక్యంతో) ముందు మ బదులు ప + 1 అని మార్చాలి. ఒక్క సింప్ (ఇలాంటి లెమ్మాలతో గోల్‌ను సరళం చేసే ట్యాక్టిక్) చాలు. లీన్ అనే ప్రూఫ్ అసిస్టెంట్‌లోని ఒమేగా ట్యాక్టిక్ ఓడిపోయినప్పుడు దాదాపు ఈ పద్ధతిలోనే షరతులు, కింద ఏ అక్షరం దేనికో చూపిస్తుంది.

‘కావచ్చు’ అన్న మాట తీసేయకండి. పై గోల్ నిజమే కదా! క, ప, మ మూడూ సున్నా అనుకుంటే షరతులు నిలుస్తాయి, కానీ మ ఎప్పటికీ సున్నా కాదు. దాన్ని ‘ప్రత్యుదాహరణ’ (గోల్ తప్పని చూపే ఉదాహరణ) అని గట్టిగా చెబితే, నిజమైన సిద్ధాంతాన్ని తప్పనుకుని యూజర్ వదిలేస్తాడు. పైగా లీన్ ఒమేగా 1991లో విలియం ప్యూ (Pugh) ఇచ్చిన ఒమేగా పరీక్ష అనే పద్ధతిని పూర్తిగా అమలు చేయదు కాబట్టి, ఆటమ్‌లు లేకపోయినా నిజమైన గోల్ దగ్గర ఆగిపోవచ్చు. బిట్ వెక్టర్ల (నిర్ణీత పొడవున్న 0, 1ల వరుసల) కోసం లీన్‌లో ఉన్న బీవీ డిసైడ్ ట్యాక్టిక్ ఈ తేడా చక్కగా పాటిస్తుంది: అర్థం కాని ముక్కలను అక్షరాలుగా మార్చాల్సి వస్తే ప్రత్యుదాహరణ ఉత్తుత్తిదే కావచ్చని హెచ్చరించి, ఆ ముక్కలేమిటో చెబుతుంది.

నిజంగానే తప్పయిన గోల్‌కు మాత్రం విలువలే చూపించండి. సహజ సంఖ్యల్లో (క - గ) + గ = క అని ఇచ్చారనుకోండి. క = 0, గ = 1 పెడితే తీసివేత సున్నా దగ్గర ఆగిపోతుంది, ఎడమవైపు 1, కుడివైపు 0. తీసివేత కనబడగానే ట్యాక్టిక్ లోపల రెండు కేసులుగా చీలుస్తుంది, ఆ సంగతి యూజర్‌కు తెలియదు. అందుకని ‘క < గ అయిన కేసులో ఆగాను’ అని ఒక ముక్క చేర్చండి.

రాక్ (పాత పేరు కాక్) అనే మరో ప్రూఫ్ అసిస్టెంట్‌లోని లియా ట్యాక్టిక్ ఓడిపోతే ‘క్యానాట్ ఫైండ్ విట్నెస్’ (సాక్షి దొరకలేదు) అంటుంది. అది లోపల ఒక సర్టిఫికెట్ (గోల్ నిజమని సరిచూసుకోగల ఆధారం, అదే ఆ సాక్షి) కోసం వెతుకుతుంది కాబట్టి రాసినవాళ్ల వైపు నుంచి ఆ మాట అక్షరాలా నిజం. వాడేవాళ్లకేమో ఏ సాక్షో, ఏ కేసో అర్థం కాదు.

కోడ్ దగ్గరికి వద్దాం. ఆటమ్ పుట్టిన క్షణంలోనే దాని అసలు రూపాన్ని పట్టికలో రాసిపెట్టుకోండి, తర్వాత వెనక్కి లాగడం కష్టం. మెసేజ్ వాక్యాన్ని మాత్రం ముందే తయారుచేయకండి. ‘ఇది కుదరకపోతే అది’ అంటూ నాలుగు ట్యాక్టిక్‌లను వరుసగా ప్రయత్నించే చోట మొదటి మూడింటి మెసేజ్‌లు ఎవరూ చదవరు, వాటి తయారీకి పోయిన టైమ్ వృథా. షరతులు ముప్పై ఉంటే, గోల్‌లోని అక్షరాలతో నేరుగా గానీ మరో షరతు ద్వారా గానీ ముడిపడినవి మాత్రం ఉంచండి.

అభ్యాసం: చేతిలో క × గ ≤ 6 ఉంది, గోల్ గ × క ≤ 6. మన ట్యాక్టిక్ దీన్ని నిరూపించదు. కొత్త మెసేజ్ ఎలా వస్తుందో ముందు కాగితం మీద రాసి, తర్వాత నడిపి చూడండి. 5వ పాఠం ఆ రెండు ఆటమ్‌లను ఒకటి చేయడంతో మొదలవుతుంది.