హెడ్ దించమన్నారు, తప్పు ఆయిల్ కూలర్‌ది

సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొన్న రెండో నెలలోనే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గడం మొదలైంది. కింద ఒక్క చుక్క కూడా కారలేదు. ఆయిల్ కొలిచే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీస్తే ఆయిల్ మట్టం పెరిగింది, రంగేమో పాలు ఎక్కువైన టీలా ఉంది. గుండె జారిపోయింది.

ఆయిల్ మూత కింద కాస్త తెల్లటి నురగ ఉంటే అది తేమ కూడా కావచ్చు. డిప్‌స్టిక్ మీదే ఇలా కనిపిస్తే మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేయకండి, బేరింగులు పోతాయి. నేను బండిని లాగించుకునే విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్లాను.

మొదటి షెడ్డులో బానెట్ ఎత్తగానే "హెడ్ దించాలి" అన్నారు, అంటే ఇంజిన్ పైభాగం విప్పి దాని కింది గ్యాస్కెట్ చూడాలని. నాకు మనసొప్పలేదు. గ్యాస్కెట్ పోతే సాధారణంగా కనిపించే గుర్తులేవీ లేవు: బండి ఎప్పుడూ హీటెక్కలేదు, తెల్లపొగ లేదు, రేడియేటర్‌లో బుడగలూ లేవు. పైగా కూలెంట్ డబ్బాలో నూనె తెట్టు కట్టింది.

రెండో షెడ్డు పెద్దాయన "ముందు ప్రెషర్ పెట్టి చూద్దాం బాబూ" అన్నాడు. కూలెంట్ దారిలోకి పంపుతో 1 బార్ ఒత్తిడి ఎక్కిస్తే మీటర్ ముల్లు మెల్లగా దిగింది, అంటే లోపల ఎక్కడో లీకు ఉంది. కూలెంట్‌తో ఇంజిన్ ఆయిల్‌ను చల్లబరిచే ఆయిల్ కూలర్ విప్పి, నీళ్లలో ముంచి గాలి కొట్టాడు. ఒక మూల నుంచి సన్నటి బుడగలు వరుసగా పైకొచ్చాయి!

ఇంజిన్ తిరిగేటప్పుడు ఆయిల్ ఒత్తిడి ఎక్కువ, అందుకే అది కూలెంట్‌లోకి పోతుంది. ఆపగానే ఆ ఒత్తిడి సున్నా అవుతుంది, వేడి కూలెంట్ ఆయిల్‌లోకి వస్తుంది. రెండువైపులా కలవడానికి కారణం ఇదే.

కొత్త కూలర్, కొత్త సీళ్లు వేయించాను. మామూలు ఆయిల్‌తో రెండుసార్లు ఫ్లష్ చేసి, ప్రతిసారీ ఫిల్టర్ మార్చి, ఆ తర్వాతే మంచి ఆయిల్ పోయించాను. జిడ్డు పోయేదాకా రేడియేటర్ కడిగించాను. 1,000 కిలోమీటర్లు తిరిగాక చూస్తే కూలెంట్ గీత దగ్గరే ఉంది.