నాగావళి ఒడ్డు గుంటలోకి కొర్రమీను, మార్పు చేపలు మళ్లీ రావాలంటే ఏం చేయాలి?

తొలకరి వరద తగలగానే ఏటి చేప గుడ్లు పెట్టడానికి పక్క గుంటల్లోకి, మునిగిన పల్లాల్లోకి ఎక్కుతుంది. అక్కడ లోతు తక్కువ, గడ్డి ఎక్కువ, పిల్లలకు తిండి దండి. వరద తీసేటప్పుడు పిల్లలు నీటితో పాటు ఏటికి దిగిపోతాయి. నాగావళి, వంశధార ఒడ్డున చాలాచోట్ల ఈ దారి తెగిపోయింది. కరకట్టలు, రోడ్ల గట్లు కొంత ఆపితే, పూడిక, ఆక్రమణలు మిగతాది ఆపేశాయి. మార్పు చేప ఇప్పుడు ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) ఎర్ర జాబితాలో అంతరించిపోతున్న చేప. వాలుగ చేపకూ ముప్పు ఉందని అదే జాబితా చెబుతోంది.

చేపపిల్లలు కొని వదిలేయాలన్న తొందర వద్దు. దారి తెరిస్తే చేప తనే వస్తుంది.

మొదటి పని, పాత దారి వెతకడం. ఊళ్లో వల వేసే పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఏటి ఒడ్డంతా నడవండి. "తాతా, వరదనీళ్లు ముందు ఎటు ఎక్కేవి?" అని అడిగితే ఏ గెడ్డ (వాగు), ఏ మదుము (తూము) అన్నది వేలు పెట్టి చూపిస్తారు. వరద వచ్చినప్పుడు మళ్లీ వెళ్లి, నీరు ఎక్కడిదాకా ఎక్కిందో కర్రలు పాతి గుర్తు పెట్టండి.

తర్వాత అనుమతులు. పంచాయతీ తీర్మానం, జలవనరుల శాఖ, మత్స్యశాఖల అంగీకారం, పట్టా భూమైతే రైతు ఒప్పుకోలు, అన్నీ కాగితం మీద ఉండాలి. కరకట్టను మాత్రం మీ అంతట మీరు తాకొద్దు. అది తెగితే ఊరే మునుగుతుంది. ఉన్న తూములో, గెడ్డ మూతిలో పేరుకున్న పూడిక తీస్తే చాలాసార్లు సరిపోతుంది. ఏటివైపు తూము అడుగు బాగా ఎత్తులో ఉంటే చేప ఎక్కలేదు. అక్కడ రాళ్లు పేర్చి చిన్న చిన్న మెట్లుగా వాలు ఇవ్వాలి.

తవ్వకం వేసవిలో పెట్టుకోండి. అందరూ చేసే తప్పు ఇక్కడే జరుగుతుంది: పొక్లెయిన్ తెచ్చి గుంటను గిన్నెలా ఒకే లోతుకు, నిట్రగా తోడేస్తారు. అలాంటి గుంటలో నీళ్లుంటాయి గానీ గుడ్లు పెట్టే చోటు ఉండదు. అంచులు నెమ్మదిగా పల్లమవ్వాలి, మోకాలి లోతు నీళ్లు విశాలంగా పరచుకోవాలి. ఒక మూల మాత్రం రెండు నిలువుల లోతు మడుగు ఉంచండి. కొర్రమీను, మార్పు గాలి పీల్చగలవు కాబట్టి తడి బురదలోనైనా కొన్నాళ్లు ఓర్చుకుంటాయి. వాలుగ అలా బతకదు, దానికి ఎండాకాలమంతా నీళ్లు కావాలి. అడుగున ఉన్న బంకమన్ను పొరను చీల్చకండి, నీళ్లు ఇంకిపోతాయి.

అంచున తుంగ, జమ్ము ఉండనివ్వండి. గుర్రపుడెక్కను మాత్రం చేత్తో పీకి గట్టుకు దూరంగా వేసి ఎరువు చేయండి. నీళ్లలోనే కుళ్లనిస్తే ఆక్సిజన్‌ను లాగేస్తుంది. పొలంలో మందు కొట్టిన రోజుల్లో ఆ నీళ్లు గుంటలోకి దిగకుండా మడవ కట్టేయాలి.

ఆగస్టులో గడ్డి మధ్య కాసేపు కదలకుండా నిలబడి చూడండి. గుప్పెడంత చోట ఎర్రటి పిల్లల గుంపు ఊపిరి కోసం పైకొచ్చి చినుకుల్లా చిటపటలాడి మళ్లీ దిగుతుంది. అడుగున పెద్ద కొర్రమీను కాపలా ఉంటుంది. దాన్ని గాలానికి లాగేస్తే ఆ పిల్లలన్నీ పక్క చేపల పాలే. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం మన మత్స్యకారులకు అలవాటే. తొలి వరద నుంచి రెండు నెలలు గుంటలో కూడా వేట ఆపుదామని వాళ్లతోనే కూర్చుని మాట్లాడుకోండి. దోమతెర వలలు మాత్రం ఏడాది పొడుగునా వద్దు.

2000లోనే నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ వలలో పడితే తిరిగి వదలొద్దు, మత్స్యశాఖకు చెప్పండి. మన మార్పుకి, దానికి తేడా ఏమిటో ఒకసారి వాళ్ల దగ్గరే నేర్చుకోండి.

నెలకోసారి అదే వల, అదే చోట, అన్నే విసుర్లు వేసి, ఏం పడిందో రాసుకుని వదిలేయండి. మొదటి ఏడాది పరిగె, జెల్ల చేపలే కనిపించొచ్చు. కంగారు వద్దు. ఆ పుస్తకం పంచాయతీ ఆఫీసులో ఉంచితే, వచ్చే వేసవిలో పూడిక ఎక్కడ తీయాలో, ఏ వైపు ముట్టుకోకూడదో దాన్ని చూసే తేల్చుకోవచ్చు.