మంచం పట్టిన మనిషికి పుండ్లు పడకుండా చూసుకోవడం ఎలా

పక్షవాతం వచ్చో, తుంటి ఎముక విరిగో మంచం పట్టిన పెద్దవాళ్లను ఇంటికి తెచ్చాక, మందులు టైముకి వేస్తున్నామా లేదా అన్న టెన్షన్‌లో చాలామంది వీపు వైపు చూడటమే మర్చిపోతారు. బెడ్‌సోర్ మొదలయ్యేది అక్కడే.

సుమారు 2 గంటలకోసారి పక్క మార్చండి, రాత్రి కూడా. పూర్తిగా పక్కకు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది, కాబట్టి వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలులో ఆపండి, పిక్కల కింద ఇంకో దిండు పెడితే మడమలు పరుపుకి తగలవు. తుంటి ఆపరేషన్ అయినవాళ్లను ఏ వైపు తిప్పొచ్చో డిశ్చార్జ్‌కి ముందే అడిగి తెలుసుకోండి. జరిపేటప్పుడు చంకల్లో చేతులు పెట్టి లాగొద్దు. నడుము కింద మడతపెట్టిన దుప్పటి వేసి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎత్తి జరపాలి, చర్మం ఒరుసుకుపోకుండా.

రోజూ ఒళ్లు తుడిచేటప్పుడు నడుము కింది భాగం, తుంటి, మడమలు చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు, వేడిగానో గట్టిగానో ఉందేమో తడిమి చూడాలి. అక్కడ నూనె రాసి మర్దన చేయడం మన ఇళ్లలో అలవాటు, దయచేసి చేయకండి, లోపల కండ ఇంకా దెబ్బతింటుంది. ఆ వైపు పడుకోబెట్టకుండా డాక్టర్‌కి చూపించండి. గాలి పరుపు మంచిదే, కానీ అది ఉన్నా పక్క మార్చాల్సిందే.

డైపర్ తడిస్తే వెంటనే మార్చండి. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి, తిన్నాక అరగంట అలాగే ఉంచండి. మింగేటప్పుడు దగ్గు వస్తుంటే ఆపేసి డాక్టర్‌కి చెప్పండి.